ఒకే వేసవిలో వరుసగా క్లాసిక్ రాక్ షోలు: అనంతపురంలో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే మన ఊరి తల్లిదండ్రులు ఏప్రిల్‌లోనో మే నెలలోనో బయల్దేరి, దసరాలోపు తిరిగొస్తారు. ఆ మధ్యకాలమంతా గుళ్లు, మాల్స్, నయాగరా. మా అమ్మాయి ఉండేది న్యూజెర్సీలో. అక్కడున్న వేసవిలో నేను గుళ్లతో పాటు రాక్ షోలు కూడా చూసి వచ్చాను. అప్పటినుంచి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో వాకింగ్ చేసేటప్పుడు, పెళ్లి భోజనాల దగ్గర, రాత్రిపూట వాట్సాప్‌లో అందరూ అవే ప్రశ్నలు అడుగుతున్నారు. ప్రతిసారీ మొదటినుంచి చెప్పలేక ఇక్కడ రాసిపెడుతున్నాను. యాభై దాటినవాళ్ల కోసం రాసింది ఇది. కుర్రవాళ్లకు చెప్పడానికి వాళ్ల ఫోన్లే ఉన్నాయి.

క్లాసిక్ రాక్ అంటే ఏ పాటలు సార్?

1960ల మధ్య నుంచి 1980ల దాకా వచ్చిన ఇంగ్లిష్ గిటార్ పాటలు. రోలింగ్ స్టోన్స్, పింక్ ఫ్లాయిడ్, డీప్ పర్పుల్, ఈగల్స్, సంటానా, ఇంకా చాలామంది. మన ఇంజినీరింగ్ కాలేజీ హాస్టళ్లలో టేపు సాగిపోయేదాకా విన్నవి ఇవే. పేరు తెలియకపోయినా వింటే గుర్తుపడతారు.

దానికి అమెరికా దాకా ఎందుకన్నా? బెంగళూరుకు రారా?

ఎందుకు రారు? 2003 ఏప్రిల్ 4న రోలింగ్ స్టోన్స్ ప్యాలెస్ గ్రౌండ్స్‌లోనే వాయించారు. అంతకు ముందు ఏడాది పింక్ ఫ్లాయిడ్ రోజర్ వాటర్స్ వచ్చాడు. 2005లో డైర్ స్ట్రెయిట్స్ గిటారిస్టు మార్క్ నాప్‌ఫ్లర్, 2007లో ఐరన్ మెయిడెన్, అదే ఏడాది జూన్‌లో ఏరోస్మిత్. అయితే ఒకరు వచ్చిపోయాక ఇంకొకరు రావడానికి చాలాసార్లు ఏడాదో రెండేళ్లో పడుతుంది. పైగా మన దగ్గర మైదానంలో పెట్టే షోలకు సీజన్ ఎక్కువగా అక్టోబరు నుంచి మార్చి వరకే. ఆ తర్వాత ఎండలు, ఆ వెంటనే వానలు.

అక్కడ లెక్క తలకిందులు. చలికాలంలో బయట కూర్చోలేరు కాబట్టి బ్యాండ్లన్నీ జూన్ నుంచి సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే దాకా ఓపెన్ ఎయిర్ థియేటర్లు చుట్టేస్తాయి. ఒక బ్యాండు ఈ రాత్రి న్యూజెర్సీలో వాయిస్తే ఎల్లుండి న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలాండ్‌లో ఉంటుంది. మీరు అమ్మాయి ఇంట్లో కదలకుండా కూర్చున్నా వాళ్లే ఒకరి తర్వాత ఒకరు మీ చుట్టుపక్కలకు వస్తారు.

ఒక వేసవిలో ఎన్ని చూడొచ్చు?

డబ్బు కంటే ముందు అడ్డొచ్చేది ఒళ్లు. షో ఏడుకో ఏడున్నరకో మొదలై పదకొండుకు అయిపోతుంది. పార్కింగ్‌లోంచి బయటపడి ఇల్లు చేరేసరికి ఒంటిగంట. కారు నడిపిన అల్లుడికి పొద్దున్నే ఆఫీసు. అందుకని శుక్ర, శనివారాలే చూసుకోండి. వారానికి ఒకటి మించొద్దు. దిగిన మొదటి పది రోజులు ఏమీ పెట్టుకోకండి. జెట్ ల్యాగ్‌లో మెయిన్ బ్యాండు ఎక్కే సమయానికి మీరు కుర్చీలో గురక పెడుతుంటారు.

నా పద్ధతి ఇది: మనసులో ఎప్పటినుంచో ఉన్న పెద్ద బ్యాండు ఒక్కదానికి మంచి సీటు కొనాలి. మిగతావన్నీ చవకగా లాన్ మీద, అంటే సీట్ల వెనకాల గడ్డిలో. మధ్యమధ్యలో ఊరి పార్కుల్లో ఉచితంగా జరిగేవి. వేసవి సాయంత్రాల్లో న్యూజెర్సీ టౌన్‌షిప్‌లు, కౌంటీలు ట్రిబ్యూట్ బ్యాండ్లను పిలిచి పార్కుల్లో వాయింపిస్తాయి. ట్రిబ్యూట్ బ్యాండు అంటే ఒక పెద్ద బ్యాండు పాటల్నే అచ్చం అలాగే వాయించేవాళ్లు. టికెట్ లేదు, చెకింగ్ లేదు. మడత కుర్చీ పట్టుకుని వెళ్లడమే. వాటిని తక్కువగా చూడకండి. రాక్ షో మీ ఒంటికి పడుతుందో లేదో తేల్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

బ్యాండులో అసలు మనుషులే మిగల్లేదంట కదా? టికెట్ దండగ కాదా బావా?

ఎక్కువమంది అడిగేది ఇదే. అడగాల్సిన ప్రశ్న కూడా.

లినర్డ్ స్కినర్డ్‌లో మొదటినుంచీ మిగిలిన చివరి మనిషి గ్యారీ రాసింగ్టన్ 2023 మార్చిలో పోయాడు. బ్యాండు మాత్రం తిరుగుతూనే ఉంది. డీప్ పర్పుల్‌లో మొదటి రోజు నుంచి ఉన్నది డ్రమ్మర్ ఇయన్ పేస్ ఒక్కడే. జర్నీ బ్యాండుకు పాడుతున్న ఆర్నెల్ పినేడా ఫిలిప్పీన్స్ వాడు. 2007లో వాళ్ల గిటారిస్టు యూట్యూబ్‌లో అతని వీడియోలు చూసి పిలిపించుకున్నాడు. రోలింగ్ స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్ 2021లో కన్నుమూశాడు. మిగతావాళ్లు ఎనభైకి అటూ ఇటూ వయసులో 2024లో కూడా స్టేడియాలు నింపారు.

మన కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన సురభి నాటకాలనే తీసుకోండి. తాత వేసిన వేషం తండ్రి వేశాడు, తర్వాత కొడుకు వేశాడు. అసలు కీచకుడు ఏడీ అని ఎవరూ టికెట్ వాపసు అడగలేదు. బ్యాండునూ అలా చూస్తే సగం బాధ తగ్గుతుంది.

సగమే అన్నాను. నాటకంలో వేషం మారొచ్చు కానీ రాక్ పాటలో గొంతు మారితే కొందరికి మింగుడు పడదు. నాకైతే పాట కట్టిన మనిషో, పాడిన మనిషో, ఇద్దరిలో ఒకరైనా వేదిక మీద ఉండాలి. జాన్ ఫోగర్టీ 1945లో పుట్టినవాడు. క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ పాటలు రాసిందీ పాడిందీ అతనే. ఆ పాటల హక్కులు ఏళ్ల తరబడి అతని చేతిలో లేవు, 2023లో గానీ చేతికి రాలేదు. అలాంటి మనిషి తన పాటను తానే పాడుతుంటే గొంతు కాస్త వణికినా అదో లెక్క. ఇద్దరూ లేని బ్యాండుకైతే లాన్ టికెట్‌కు మించి పెట్టొద్దు.

వచ్చే ఏడు చూద్దాంలే అనుకోవడం మాత్రం ఈ వ్యవహారంలో కుదరదు. ఏరోస్మిత్ గాయకుడు స్టీవెన్ టైలర్‌కు 2023లో గొంతుకు దెబ్బ తగిలింది. 2024 ఆగస్టులో ఇక టూర్లు చేయలేమని బ్యాండు ప్రకటించేసింది. బ్లాక్ సబ్బత్ గాయకుడు ఆజీ ఆస్బోర్న్ 2025 జూలై 5న సొంతూరు బర్మింగ్‌హామ్‌లో ఆఖరి షో చేసి, అదే నెల 22న పోయాడు.

టికెట్లు ఎక్కడ కొనాలి? ముందే కొనాలా, ఆగాలా?

మీ పిల్లల ఫోన్లోనే కొనిపించండి. పెద్ద థియేటర్లలో చాలావరకు లైవ్ నేషన్ అనే షోల కంపెనీ నడిపేవి. టికెట్లు అమ్మే టికెట్‌మాస్టర్ 2010లో దాన్లో కలిసిపోయింది. ఇంతకు ముందు 40 డాలర్లని చూపించి, డబ్బు కట్టే పేజీకి వచ్చేసరికి ఫీజులన్నీ కలిపి 60 చేసేవాళ్లు. 2025 మే నుంచి ఫీజులతో కలిపిన మొత్తం ధర మొదటే చూపించాలని అమెరికా ప్రభుత్వం రూలు పెట్టింది. అది కొంత నయం.

ఒకే వరుసలో పక్కపక్క సీట్లకు వేరే ధరలుంటే కంగారు పడకండి. గిరాకీని బట్టి ధర మారుతూ ఉంటుంది. పెద్ద బ్యాండుకు మంచి సీటు కావాలంటే అమ్మకం మొదలైన రోజే కొనేయాలి. లాన్ టికెట్ కోసం మాత్రం తొందరేమీ లేదు. సీట్లు నిండని షోలకు, కొన్నవాళ్లు టికెట్లు తిరిగి అమ్ముకునే రీసేల్ సైట్లలో షో రోజు మధ్యాహ్నం నుంచి ధరలు దిగుతాయి. అమ్మేవాడికి అది సాయంత్రం తర్వాత పనికిరాని సరుకు మరి. వేసవి మొదట్లో లైవ్ నేషన్ కొన్ని షోలకు 30 డాలర్ల టికెట్లు కూడా పెడుతుంటుంది, మే నెలలో ఓ కన్నేసి ఉంచండి.

ఇంకో సంగతి. టికెట్ ఫోన్లోనే ఉంటుంది. అందులోని బార్‌కోడ్ కదులుతూ ఉంటుంది, స్క్రీన్‌షాట్ చెల్లదు. అమ్మాయి ఫోన్లో మీ టికెట్ ఉండి, ఆమె పార్కింగ్ దగ్గర ఆగిపోతే మీరు గేటు బయటే నిలబడాలి. ఎవరి టికెట్ వాళ్ల ఫోనుకు ముందే ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి. గేటు దగ్గర వేలమంది ఒకేసారి ఉంటే నెట్ అందదు కాబట్టి ఇంట్లోనే ఫోన్లోని వాలెట్ యాప్‌లోకి ఎక్కించుకోండి.

లాన్ అంటే గడ్డిలో కూర్చోబెడతారా? అంత డబ్బు తీసుకునా?

అవును, గడ్డిలోనే. న్యూజెర్సీ హోమ్‌డెల్‌లో ఉన్న పీఎన్‌సీ బ్యాంక్ ఆర్ట్స్ సెంటర్ అనే ఓపెన్ ఎయిర్ థియేటర్ 1968లో కట్టినది. గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద 116వ ఎగ్జిట్ దగ్గర ఉంటుంది. కప్పు కింద సుమారు 7,000 సీట్లు, వెనకాల ఏటవాలు గడ్డి మీద ఇంకో 10,000 మంది. స్టేజీ మీద మనుషులు చిన్నగా కనపడతారు. పక్కన పెద్ద తెరలుంటాయి. కాళ్లు చాపుకోవచ్చు, లేచి తిరగొచ్చు, మోకాళ్లు పట్టేస్తే పడుకోవచ్చు. మన వయసువాళ్లకు కప్పు కింద ఇరుకు సీటు కంటే ఇదే సుఖమని నా అభిప్రాయం. కప్పు కింద ముందువాళ్లు లేచి నిలబడితే మీరూ నిలబడాల్సిందే, మూడు గంటలసేపు.

లాన్ మీదికి ఎత్తు కుర్చీలు రానివ్వరు. చాలాచోట్ల పొట్టి కుర్చీలు అద్దెకిస్తారు. నేలమీద కూర్చోగలిగితే పాత దుప్పటి చాలు.

లాంగ్ ఐలాండ్‌లోని జోన్స్ బీచ్ థియేటర్‌కు లాన్ లేదు, కప్పూ లేదు. స్టేజీ నీళ్ల పక్కనే. జూలైలో కూడా రాత్రి గాలికి చలేస్తుంది. స్వెటర్ పట్టుకెళ్లమంటే అందరూ నవ్వుతారు. తొమ్మిది దాటాక వాళ్లే అడుగుతారు.

పులిహోర తీసుకెళ్లొచ్చా అంకుల్?

చాలా ఓపెన్ ఎయిర్ థియేటర్లలో తీసుకెళ్లొచ్చు. పారదర్శకంగా ఉండే జిప్ కవర్లో పెట్టాలి. సీలు తీయని నీళ్ల బాటిల్ కూడా రానిస్తారు. స్టీలు డబ్బా, ఫ్లాస్కు, గాజు సీసా కుదరవు. హ్యాండ్‌బ్యాగులు కూడా ప్లాస్టిక్‌వి, లోపలున్నవి కనిపించేవే ఉండాలి. థియేటర్‌ను బట్టి రూల్స్ మారతాయి. వాళ్ల సైట్లో అదే రోజు చూసి బయల్దేరండి. లోపల కొంటే ఒక్క ప్లేటు తిండికి 15, 20 డాలర్లు. రూపాయల్లోకి మార్చుకున్నారా, గొంతు దిగదు.

పార్కింగ్‌లోనే కారు డిక్కీ తెరిచి, కుర్చీలేసుకుని తినడం అక్కడివాళ్లకు అలవాటు. ఉగ్గాణి, బజ్జీ పెట్టుకుని మీరూ కూర్చోండి. పక్క కారు వాళ్లు ఏంటది అని అడిగి తీరతారు. పచ్చిమిరపకాయ బజ్జీ ఇచ్చే ముందు మాత్రం హెచ్చరించండి.

బీపీ ఉంది, చెవుల సంగతి ఏంది?

బీపీ సంగతి మీ డాక్టర్ని అడగండి. చెవుల సంగతి నేను చెప్తాను. ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు.

పని చేసేచోట 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చని అమెరికాలోని నియోష్ అనే ఆరోగ్య సంస్థ లెక్క. ఆపైన 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, అలా పోతే 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. రాక్ షోలో స్పీకర్లకు దగ్గరగా ఉంటే 100 మామూలు మాట. మెయిన్ బ్యాండు ఒక్కటే రెండు గంటలు. అందులోనూ మీరు వేసవంతా తిరగబోతున్నారు. ది హూ అనే బ్యాండు 1976లో లండన్‌లో 126 డెసిబెల్స్ వాయించి గిన్నిస్‌కు ఎక్కింది. ఆ బ్యాండు గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ వినికిడి దెబ్బతిని, చెవుల్లో హోరుతో ఏళ్ల తరబడి బాధపడుతున్నాడు.

మందుల షాపులో ఫోమ్ ఇయర్ ప్లగ్స్ దొరుకుతాయి, కొన్ని డాలర్లే. పెట్టుకోవడంలోనే కిటుకు ఉంది. ఊరికే చెవిలో దూర్చితే ఊడి పడతాయి. ప్లగ్‌ను రెండు వేళ్ల మధ్య గట్టిగా నలిపి సన్నగా చేయాలి. రెండో చేతిని తల వెనక నుంచి తిప్పి చెవి పైభాగాన్ని పైకి, వెనక్కి లాగాలి. అప్పుడు రంధ్రం తిన్నగా అవుతుంది. లోపలికి తోసి, అది ఉబ్బి నిండేదాకా అర నిమిషం వేలితో అలాగే పట్టుకోవాలి. సరిగ్గా కూర్చుంటే మీ గొంతు మీకే బుర్రలోంచి వినిపిస్తుంది. పాట చెడుతుందని భయపడొద్దు. హోరు తగ్గి, మాటలు ఇంకా స్పష్టంగా వినపడతాయి. సంగీతం కోసమే చేసిన సిలికాన్ ప్లగ్స్ ఇంకా మేలు, కాస్త ఖరీదు.

హియరింగ్ ఎయిడ్ ఉన్నవాళ్లు తమ ఆడియాలజిస్టును అడిగి వెళ్లండి.

పాటలు ముందే విని వెళ్లాలా?

తప్పకుండా. తెలియని పాట అంత పెద్ద స్పీకర్లలో వింటే మోతే మిగులుతుంది. ఫ్యాన్స్ ప్రతి షోలో ఏయే పాటలు ఏ వరుసలో పాడారో సెట్‌లిస్ట్ ఎఫ్ఎం అనే సైట్లో రాసిపెడతారు. పాత బ్యాండ్లు టూరంతా దాదాపు అదే జాబితా పాడతాయి. రెండు వారాల ముందు నుంచి వాకింగ్‌లో ఆ వరుసలోనే వినండి. ముందే తెలిస్తే సర్‌ప్రైజ్ పోతుందని మా అల్లుడి వాదన. సర్‌ప్రైజ్ కోసం నాకు తొందరేమీ లేదు. కొత్త ఆల్బమ్ పాట ఎప్పుడొస్తుందో తెలిస్తే బాత్రూమ్‌కు అప్పుడే వెళ్లి రావచ్చు. గ్రేట్‌ఫుల్ డెడ్ పాటల్ని వాయించే బ్యాండ్లు మాత్రం రోజుకో జాబితాతో వస్తాయి, అక్కడ ఈ పప్పులు ఉడకవు.

మనవళ్లను తీసుకెళ్లొచ్చా?

అయిదారేళ్లు దాటితే తీసుకెళ్లొచ్చు, వాళ్ల చెవులకు పెద్ద ఇయర్ మఫ్స్ పెట్టి. అంతకంటే చిన్నవాళ్లను పార్కు షోలకే తీసుకెళ్లండి.

తాగి గొడవ చేస్తారా? గంజాయి వాసన వస్తుందంట?

వాసన వస్తుంది, దాచేదేముంది. జనంలో సగంమందికి తెల్ల జుట్టే, గొడవ చేసే ఓపిక వాళ్లకూ లేదు. నాకు కనపడినంతలో మన ఊళ్లో పెళ్లి ఊరేగింపు కంటే ప్రశాంతం. బీరు కొనాలంటే జుట్టంతా తెల్లబడినా ఐడీ అడుగుతారు. గంజాయి న్యూజెర్సీ, న్యూయార్క్ రాష్ట్రాల్లో పెద్దలకు చట్టబద్ధమే. కానీ అమెరికా కేంద్ర చట్టం ప్రకారం ఇప్పటికీ నేరమే. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లు వాడినట్టు తేలితే మళ్లీ ఆ దేశంలోకి రానివ్వకపోవచ్చు. పక్కవాడు నవ్వుతూ ఇచ్చినా దండం పెట్టి వద్దనండి.

వాన పడితే?

వాన పడినా షో ఆగదు. టికెట్ మీదే ఆ మాట ఉంటుంది. ఉరుములు, మెరుపులు ఉంటే మాత్రం ఆపేసి అందర్నీ కార్లలోకి వెళ్లమంటారు. తగ్గాక మళ్లీ పిలుస్తారు. గొడుగులు చాలాచోట్ల రానివ్వరు, పల్చటి రెయిన్‌కోటు జేబులో పెట్టుకోండి. లాన్ మీద వానలో తడుస్తూ పాట వినడం అనంతపురం వాళ్లకు కష్టమనిపించదులెండి. మనకు వాన పడటమే ఒక షో.

వుడ్‌స్టాక్ జరిగిన చోటికి వెళ్లావంట కదప్పా, అక్కడ ఇప్పుడేముంది?

న్యూజెర్సీలో ఉంటూ అక్కడికి పోకుండా రావద్దు. ముందు ఒక సంగతి. మ్యాప్‌లో వుడ్‌స్టాక్ అని కొట్టి పోకండి. ఆ ఊరు వేరే, 40 మైళ్లకు పైగా దూరం. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ అనే ఆ పెద్ద రాక్ సంగీత పండగ జరిగింది న్యూయార్క్ రాష్ట్రంలోని బెథెల్ అనే ఊళ్లో, మ్యాక్స్ యాస్గర్ అనే పాడి రైతు పొలంలో. నాలుగు లక్షల మందికి పైగా వచ్చారు. రోడ్లన్నీ కార్లతో బిగుసుకుపోయి కళాకారుల్ని హెలికాప్టర్లలో తెచ్చారు.

ఆ పండగను మొదటి రోజు ప్రసంగంతో ఆరంభించింది తమిళనాడు నుంచి వెళ్లిన స్వామి సచ్చిదానంద. అదే రాత్రి వానలో పండిట్ రవిశంకర్ సితార్, పక్కన అల్లారఖా తబలా. గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ చివర్న ఎక్కేసరికి సోమవారం పొద్దున. అప్పటికే జనం చాలావరకు ఇళ్లకు వెళ్లిపోయారు.

ఇప్పుడక్కడ బెథెల్ వుడ్స్ అనే ఆర్ట్స్ సెంటర్ ఉంది. 2006లో తెరిచారు. వేసవంతా షోలు జరుగుతాయి, లాన్ కూడా ఉంది. పక్కనే మ్యూజియం. మధ్యాహ్నం మ్యూజియం, సాయంత్రం షో పెట్టుకుంటే ఒకే ప్రయాణంలో రెండూ అయిపోతాయి. పొలం మాత్రం అలాగే వదిలేశారు. గిన్నె ఆకారంలో పల్లంగా దిగే గడ్డి నేల, కింద స్టేజీ ఉన్నచోట చదును, రోడ్డు పక్కన కళాకారుల పేర్లు చెక్కిన చిన్న రాయి. రవిశంకర్ పేరు వెతుక్కుని ఫోటో దిగాను. మా ఆవిడకు ఆ రాయి కంటే పొలమే నచ్చింది. ఇంత పచ్చగడ్డి ఊరికే పెట్టుకున్నారు, పది ఎనుములుంటే ఎంత బాగుండు అంది. ఒకప్పుడు అది పాడి పొలమే కాబట్టి ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు.

రవిశంకర్ ఇష్టమున్నవాళ్లు న్యూయార్క్‌లో మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక షో పెట్టుకోండి. 1971 ఆగస్టు 1న బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్‌తో కలిసి బంగ్లాదేశ్ శరణార్థుల కోసం ఆయన కచేరీ చేసింది ఆ భవనంలోనే. వాయిద్యాలు శ్రుతి చేసుకుంటుంటేనే జనం చప్పట్లు కొట్టేశారు. శ్రుతే ఇంత నచ్చితే అసలు కచేరీ ఇంకా నచ్చుతుందని ఆయన చమత్కరించాడు. దానికి రైలు సౌకర్యం కూడా ఉంది, సరిగ్గా పెన్ స్టేషన్ నెత్తినే కట్టారు. అల్లుడిని ఇబ్బంది పెట్టకుండా వెళ్లి రాగలిగింది అదొక్కటే.

మేము అమెరికా పోలేం. ఇక్కడే ఉండి ఏమైనా చూడొచ్చా?

వేసవిలో పెద్ద బ్యాండ్ల మీద ఆశ పెట్టుకోకండి. బెంగళూరు పబ్బుల్లో, చిన్న హాళ్లలో పాత రాక్ పాటలు వాయించే లోకల్ బ్యాండ్లు మాత్రం ఏడాది పొడవునా ఉంటాయి. శని, ఆదివారాలు చూసుకుని ఏప్రిల్, మే నెలల్లో కొన్ని చూడొచ్చు. పెద్ద బ్యాండ్ల కోసం నవంబరు నుంచి కన్నేసి ఉంచండి, బుక్‌మైషోలో అలర్ట్ పెట్టుకోండి.

మనకున్న సౌకర్యం ఏమిటంటే 44వ నంబరు జాతీయ రహదారి. అనంతపురం నుంచి బెంగళూరు 200 కిలోమీటర్ల పైచిలుకు. మనం ఊళ్లోకి వెళ్లేది ఉత్తరం వైపు నుంచి, దేవనహళ్లి, హెబ్బాళ మీదుగా. ప్యాలెస్ గ్రౌండ్స్ ఆ దారిలోనే తగులుతుంది, ఊరంతా దాటాల్సిన పని లేదు. హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గర సాయంత్రం ఇరుక్కుంటే మాత్రం ఓపెనింగ్ బ్యాండు గోవిందా. మధ్యాహ్నం మూడుకల్లా అక్కడ దాటేయండి.

బయట పెట్టే షోల్లో రాత్రి 10కి మైకులు ఆపేయాలి, చట్టం అది. కాబట్టి అమెరికాలో కంటే త్వరగానే బయటపడతారు. రాత్రికి రాత్రే కారు నడిపేట్టయితే డ్రైవింగ్ చేసేవాళ్లు ఆ మధ్యాహ్నం ఓ రెండు గంటలు నిద్రపోయి రావాలి. లేదంటే యలహంక వైపు రూము తీసుకుని, పొద్దున టిఫిను చేసి బయల్దేరండి. భోజనం వేళకు సప్తగిరి సర్కిల్‌లో ఉంటారు.